బేసు వాయించే మనిషి అక్కర్లేదన్నారు

తొంభైల చివర్లో గుంటూరులో నేను బేసు గిటారు వాయించేవాణ్ణి. పాట అడుగున గుమ్మని మోగుతుందే, అదీ బేసు. వినేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. డ్రమ్ములు వాయించేవాడు మాత్రం దాన్ని పట్టుకునే నడవాలి. మా బ్యాండులో ఆ డ్రమ్మరు నా స్నేహితుడు. వాళ్ళ నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు.

మేం నలుగురం ఆదివారాలు బ్రాడీపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటు పైగదిలో సాధన చేసేవాళ్ళం. తెలుగులో రాక్ పాటలు మేమే కట్టుకున్నాం. మా పాటలతో ఊళ్ళు మారిపోతాయని నేను నిజంగానే నమ్మాను.

ఒంగోలు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. రెండో పాటకే సినిమా పాట కావాలని కేకలు మొదలయ్యాయి. మా గాయకుడు లొంగిపోయి సినిమా పాట ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. నేను తీగల మీంచి చేతులు తీసేసి పాట అయ్యేదాకా నిలబడ్డాను.

తిరుగు బస్సులో నా స్నేహితుడు అడిగాడు. "వాయించకుండా నిలబడితే గొప్పోడివైపోతావా?"

"ఆ పాటకి నేను చెయ్యి పెట్టను."

"నేను పెట్టాగా. నా చెయ్యేమన్నా ఊడిపోయిందా?"



ఆరునెలల్లో బ్యాండు చెదిరిపోయింది. బతకాలి కాబట్టి నేనూ నా స్నేహితుడూ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో చేరి అవే సినిమా పాటలు వాయించాం. అప్పుడే మస్కట్‌లో ఒక హోటలు బారుకి డ్రమ్మరూ బేసు వాయించేవాడూ కావాలని కబురొచ్చింది. వాడు నా పేరు కూడా చెప్పేశాడు.

"తాగేవాళ్ళ ముందు వాయించను," అన్నాను.

"ఇక్కడ తినేవాళ్ళ ముందు వాయిస్తన్నాం కదరా?"

అయినా వెళ్ళలేదు. వాడొక్కడే వెళ్ళాడు.

మరుసటి ఏడు ఆర్కెస్ట్రా యజమాని కొత్త కీబోర్డు కొన్నాడు. "బేసు కూడా ఇందులోనే వస్తందండి. మావాడు ఎడంచేత్తో లాగించేస్తన్నాడు. మీరేమీ అనుకోవద్దు," అన్నాడు. ఆ నెలలోనే పొదిలిలో బంధువుల పెళ్ళికి వెళితే అదే ఆర్కెస్ట్రా. భోజనాల పంక్తిలో కూర్చుని చివరిదాకా విన్నాను. నేను లేని లోటు నాక్కూడా వినపడలేదు.

మస్కట్‌కి ఫోను చేశాను. "ఆ చోటు నిండిపోయిందిరా," అన్నాడు. "కొన్నాళ్ళు ఆగమని బతిమాలాను. నువ్వే రానన్నావు." ఊరడించడానికైనా వాడు అబద్ధమాడడు.

బ్రాడీపేటలోనే సంగీత వాద్యాల దుకాణంలో ఉద్యోగానికి కుదిరాను. ఎక్కువగా అమ్మింది కీబోర్డులే. ఎడమచేత్తో బేసు ఎలా పలికించాలో కొనేవాళ్ళకు నేనే చూపించేవాణ్ణి.

శుక్రవారం వాడికి సెలవు. ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. ఒకసారి అక్కడి బేసు మనిషి గురించి చెబుతూ, "వాడు బాగా వాయిస్తాడురా," అన్నాడు. నెలరోజులు ఆ మాట నన్ను తొలిచింది.

ఒక సెలవుల్లో దుకాణానికొచ్చాడు. అమ్మకానికి పెట్టిన డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. నేనొక బేసు అందుకున్నాను. పాట సగంలో వాడే ఆపేశాడు.

"నీ వేళ్ళు మెత్తబడ్డాయిరా," అన్నాడు.

బేరాలున్నాయని చెప్పి కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయాను. దుకాణంలో అప్పుడు ఎవరూ లేరు.

కొన్నేళ్ళకు ఆ హోటలువాళ్ళు బ్యాండు తీసేసి డీజేని పెట్టుకున్నారు. వాడు అక్కడే ఒక కంపెనీలో డ్రైవరుగా చేరాడు. ఆ సంగతి ఫోనులో చెప్పినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం. దానికి ఇంకో పేరు పెట్టలేను. తర్వాతే "అయ్యో" అన్నాను.

ఆ సంతోషం సంగతి రెండేళ్ళు దాచుకుని, ఒక శుక్రవారం వాడికే చెప్పేశాను.

"తెలుసు," అన్నాడు. "నీ అయ్యో కాస్త ఆలస్యంగా వచ్చింది."

"మరి ఫోనెందుకు చేస్తన్నావురా?"

"ఇంకెవరికి చెయ్యమంటావు?" అని, వెంటనే, "సోమవారం మా అమ్మని మోకాళ్ళ డాక్టరుకి చూపించు. మెట్లెక్కలేదు, కింద గదిలోనే చూడమను," అన్నాడు.

తీసుకెళ్ళాను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. శుక్రవారం దాకా ఆగకుండా ఆస్పత్రి వరండాలోంచే వాడికి చెప్పాను.