బాగ్ అంటే తోట, బాగ్ అంటే ఊబి

నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలు పది దాటవు. వాటిలో మొదట నేర్చుకున్నది బాగ్. ఆ మాట ఎక్కడ పుట్టిందో చూసి చెప్పమని, మిర్యాలగూడలో పంతులమ్మగా పనిచేసే నా మనవరాలిని అడిగాను. లావుపాటి నిఘంటువు తిరగేసి చెప్పింది. ఇంగ్లీషులో బాగ్ అంటే ఊబి. ఐర్లండు వాళ్ల పాత భాషలో ఆ మాటకు మెత్తన అని అర్థమట. అక్కడి నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారట.

"ఈ వయసుల నీకెందుకే నాయనమ్మా గివన్నీ?" అని నవ్వింది.

ఎందుకో ఒక్కసారే రాస్తాను. కాగితాలు ఊరికే రావు.

పోలీసు చర్య అయిన కొత్త. మా ఊరు కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ, వాగు పక్కన, గుట్ట కింద. నాకప్పుడు పదకొండేళ్లు. కోదాడలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి మూడేళ్లు బడికి పోయాను. ఆ బడిలో చదువంతా ఉర్దూలోనే. రజాకార్ల గొడవలు ముదిరాక నాయిన నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో తుపాకులు పట్టుకుని ఎవరు వచ్చినా, మీరు ఎవరి మనుషులని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అనుమానం వస్తే మిలిటరీవాళ్లు సూర్యాపేట క్యాంపుకు తీసుకుపోయేవాళ్లు. మా ఊరి నుంచి అట్లా ఇద్దరు పోతే ఒక్కడే తిరిగి వచ్చాడు. వాడు కూడా ఏమీ చెప్పేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నాయిన పొలం ఒడ్డు చెక్కుతున్నాడు, నేను కలుపు ఏరుతున్నాను. బండ్ల బాట మీద లారీ వచ్చి ఆగింది. ముందున్న మోరీ వంతెన వానకు కొట్టుకుపోయింది, ఇక పోవడానికి లేదు. ఖాకీ బట్టల అధికారి ఒకాయన దిగాడు. ఉత్తరాది మనిషి. చేతిలో నక్షా, ఇంగ్లీషులో పేర్లు రాసిన పటం. వాగు పక్కనున్న పచ్చిక వైపు చేయి చూపించి నాయినను అడిగాడు.

"ఉధర్ బాగ్ హై?"

ఆ దిక్కున తోట ఏనాడూ లేదు. నాయిన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నై సాబ్. బాగ్ గీగ్ కుచ్ నై."

"పక్కా?"

"పక్కా సాబ్."

ఆయన లారీ ఎక్కాడు. నాయిన మళ్లీ పార అందుకుంటూ, "దొరకు జాంపండ్లు తినబుద్ధయిందనుకున్న. కని తోట లేదంటే మొకం ఎట్ల ఎలిగిపోయిందో సూసినవా?" అన్నాడు. మేమిద్దరం నవ్వుకున్నాం.

ఆ పచ్చిక మా ఊరి ఊబి. పైన గరిక, తుంగ, చూడముచ్చటగా ఉంటుంది. అడుగు వేస్తే మోకాలి దాకా దిగుతుంది, రెండో అడుగుకు నడుము. మా మేకలకు కూడా తెలుసు. లారీవాళ్లకు తెలియదని మాకు తోచలేదు. ఇంజను బొబ్బరించినప్పుడు తల ఎత్తి చూస్తే లారీ బాట దిగి నేరుగా అటే పోతోంది. నాయిన పార విసిరేసి, చేతులు ఊపుతూ "ఊబి! ఊబి!" అని అరుచుకుంటూ పరుగెత్తాడు. వాళ్లకు ఆ మాట రాదు. లారీ ముందు చక్రాలు పచ్చికలోకి పోయి కుంగిపోయాయి.

దిగినవాళ్లు దిగినట్టే నాయినను పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఎవరికి కేక వేశావు? గుట్ట మీద కాచుకుని ఉన్నది ఎవరు? అధికారి అడుగుతున్నాడు, నాయిన "ఊబి సాబ్, ఊబి" అని అదే మాట అంటున్నాడు. ఒకడు తుపాకీ ఎత్తి గుట్టకేసి చూస్తున్నాడు. సూర్యాపేట అన్న మాట నా చెవిన పడింది.

అధికారి నక్షా మీద వేలితో కొట్టాడు. "యహా లిఖా హై, బాగ్!" తర్వాత దిగబడిన చక్రాల వైపు చూపించి, "యే క్యా హై? బాగ్ నహీ హై?"

అప్పుడు నాకు అర్థమైంది. ఈయన బురదను బాగ్ అంటున్నాడు.

నాయినను లారీ వెనక్కి ఈడ్చుకుపోతున్నారు. నేను పోయి ఆయన ముందు నిలబడ్డాను. "సాబ్, యే కీచడ్ హై. బాగ్ నై." ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. పుల్ల తీసుకుని తడి నేల మీద తోట అనే మాటను ఉర్దూలో రాశాను. బే, అలిఫ్, గైన్. బడిలో అద్దంలాగా రాసే చేయి ఆ రోజు గైన్ మీద చుక్క పెట్టడం మరిచింది. ఆయనే వంగి వేలితో చుక్క పెట్టి, పైకి చదివాడు. "బాగ్."

అప్పటికి అమ్మ ఊళ్లోంచి పరుగెత్తుకు వచ్చింది. వెనుక నుంచి నా నోరు మూసి గుంజింది. "తుపాకుల ముంగట మాట్లాడ్తవా? సచ్చిపోతవ్ పిల్లా!"

అధికారి నమ్మలేదు. పిల్లకు నేర్పి పంపారనుకున్నాడేమో. నా వైపు వేలు చూపి మాట్లాడవద్దని సైగ చేసి, దూరంగా ఉన్న నాయినను అడిగాడు. బాగ్ లో ఏముంటుంది?

నాయిన నన్ను చూశాడు. ఏం చెబితే తప్పో, ఏం చెబితే ఒప్పో ఆయనకు తెలియదు. బురద అంటే పని ఖతం. అమ్మ అరచేయి నా నోటి మీద ఉంది, చెప్పాలన్నా చెప్పలేను.

"జాంచెట్లుంటయ్ సాబ్. నిమ్మచెట్లు." "బాయి గుడ ఉంటది."

జామ్, నింబూ అని నేను అనబోయాను గాని అమ్మ వదల్లేదు. అవసరం రాలేదు. వాళ్లలో ఊబి అంటే తెలియకపోయినా చెట్ల పేర్ల దాకా తెలుగు వచ్చినవాడు ఒకడు ఆ మాటలు అధికారికి చెప్పాడు. ఆయన నక్షా కేసి ఒకసారి, నేల మీది అక్షరాల కేసి ఒకసారి చూశాడు. నవ్వలేదు. కట్లు విప్పమన్నాడు. దీన్ని మీ భాషలో ఏమంటారని అడిగి, "ఊబీ, ఊబీ" అని రెండుసార్లు పలికి, జేబులోంచి పెన్సిలు తీసి నక్షా మీద రాసుకున్నాడు.

నాలుగు జతల ఎడ్లు, తాటి మొద్దులు పెడితే పొద్దు వాలేసరికి లారీ బయటపడింది. వాళ్లు వచ్చిన దారినే పోయారు. నాయిన మణికట్లు వాచి, ఆ పూట అన్నం ముద్ద పట్టలేకపోయాడు. అమ్మ కలిపి పెట్టింది.

తెల్లవారి నాయిన మా దొడ్లో కుప్ప వేసిన తుమ్మకంప అంతా లాగి బండి మీద వేస్తుంటే అమ్మ అడ్డం పోయింది.

"ఏందయ్యా, సలికాలమంత పొయ్యికొచ్చే కంప. దాన్ని తీస్కపోయి బురద సుట్టు పెడ్తవా?"

"పెడ్త. ఇగ ఎవడొచ్చి ఏ బాసల అడిగినా నేను నోరు తెరిసే పని ఉండొద్దు."

"మరి పొయ్యిలకు నీ తలపాగ పెట్టాల్నా?"

"పిడకలు కొట్టు."

అమ్మ తిట్టుకుంటూనే కొడవలి తీసుకుని బండి వెంట నడిచింది. కంప చాలకపోతే వాగు ఒడ్డున ఇంకా కొట్టాలి కదా.