గుండు మీద ఎల్డన్ పట్టు

లోకంలో ఏది చెడినా, తూటా మెడ, అంటే ఇత్తడి గొట్టం మూతి, గుండును సరిగ్గా పట్టుకోకపోవడమే కారణమని నమ్మిన మహానుభావుడు మా ఎల్డన్ ట్రస్కాట్. మోంటానాలో మా ఊళ్ళో పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను ఎవరూ పారేయరు. మెడ నొక్కి, తుపాకిమందు పోసి, కొత్త గుండు కూర్చి మళ్ళీ వాడతారు. మిగతావాళ్ళకు అది పని. ఎల్డన్‌కు తపస్సు.

"మరీ బిగిస్తే గుండు అలుగుతుంది, వదిలేస్తే నెత్తికెక్కుతుంది" అనేవాడు, వెంట్రుకవాసి తేడాతో మెడ నొక్కుతూ.

అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త పాదిరి చెయ్యి కలిపితే, "పట్టు కాస్త వదులు అయ్యగారూ, ఆదివారానికి సరిచేసుకోండి" అన్నాడు. భార్య వెర్నా ఊరగాయ సీసా మూత తియ్యమంటే, అదెంత బిగిసిందో తేల్చేలోపు వేటమాంసం చల్లారిపోయేది.

"నయం, పెళ్ళికి ముందు నా మెడ కొలవలేదు" అనేది వెర్నా.

"సినిమాలో నిద్రపోయావుగా, అప్పుడే కొలిచా!"

ఎల్డన్ మాకు తూటాలు చేసిచ్చే ఆ షెడ్డులో కాఫీ, తుపాకిమందు కలిసిన వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మా ఊరి తుపాకి క్లబ్బులో వయసులో అందరికన్నా పెద్ద థోర్వాల్డ్. భార్య పోయాక ఆయన గడప దాటేది శనివారం గురి కాల్చడానికే. ఓ శరదృతువులో ఆయన గుళ్ళు గురి అట్టంతా చెల్లాచెదురయ్యాయి. తుపాకి బల్లమీద పెట్టేశాడు.

"చేతులు వణుకుతున్నాయిరా ఎల్డన్. దీన్ని అమ్మేస్తా. ఇక రాను."

"చేతులా? నా మొహం! తూటాలు చేసింది నేను. మెడపట్టు తప్పింది పెద్దాయనా. వచ్చే శనివారం సరిచేసి తెస్తా."

"నిజంగా తూటాలదేనా?"

"ఒట్టు!"

"ఇంత వయసొచ్చింది, మెడ బిగించడం చేతకాదు వెధవకి!" అని తిట్టి, పెద్దాయన హుషారుగా కాఫీకి వెళ్ళాడు. ఆపైన ప్రతి శనివారం అదే తంతు. గుళ్ళు చెదిరేవి, ఎల్డన్ తిట్లు తినేవాడు, పెద్దాయన మళ్ళీ వచ్చేవాడు.

నాకు అనుమానమొచ్చింది. ఓసారి పెద్దాయన కాఫీకి వెళ్ళగానే, ఆయన తుపాకి, మిగిలిన తూటాలు వెర్నాకిచ్చాను. క్లబ్బులో ఆవిడని మించిన గురి లేదు. గుళ్ళన్నీ ఒకే చోట దిగాయి. ఆవిడ చప్పున అట్ట మడిచి జేబులో కుక్కుకుంది.

"తూటాల్లో లోపమేముందయ్యా?" అన్నాను పక్కనే ఉన్న ఎల్డన్‌తో.

ఎల్డన్ నా నోరు నొక్కేశాడు. "అరవకు! ఏ లోపమూ లేదు. ఆ వణుకు నేను తగ్గించలేను. ఆయన రావడం మాత్రం ఆగకూడదు."

ఆ నిమిషాన ఆ పిచ్చిమనిషి మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. మరునిమిషం ఇంకేదో తట్టింది.

"ఆగు. నా గుళ్ళు తప్పినప్పుడల్లా కూడా పట్టుదే లోపమంటావుగా?"

వెర్నాకు హఠాత్తుగా ఆకాశంలో ఏదో కనిపించింది. ఎల్డన్ ఓ తూటా పైకెత్తి, నావైపు చూడకుండా కళ్ళు చిట్లించాడు.

"నీదా? అబ్బే, నీది నిజంగా పట్టేనోయ్. శనివారానికి ఇంకాస్త బిగించి తెస్తాలే."