సారు కాపలా కాసిన గడ్డి

యాదగిరి సారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి లేచాను, గదిలో అటూ ఇటూ తిరిగాను, మళ్లీ కూర్చున్నాను. నాంపల్లిలోని మా కళాశాలలో జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విశ్రాంతి పొందిన ఆ మహనీయుడు మొన్న ఉదయం ఆబిడ్స్‌లో నడుస్తూ నడుస్తూనే కుప్పకూలారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. వార్త విని నిర్విణ్ణురాలినయ్యాను.

విశ్రాంతి అన్నది మాటవరసకే. కళాశాల వెనుక ఉన్న కాస్త గడ్డినేలను ఎవరూ కోయకుండా చూడడానికి ఆయన రోజూ వచ్చేవారు. శక్తి ప్రవాహాన్ని అక్కడే బోధించారు. ఎండ గడ్డిలోకి, గడ్డి మిడతలోకి, మిడత తొండలోకి, తొండ ప్రహరీగోడ మీద వాలే డేగలోకి. విద్యార్థుల చేత గుప్పెడు గడ్డి ఎండబెట్టించి తూకం వేయించేవారు. "తడి ఆరినంక మిగిలిందే జీవద్రవ్యరాశి. ముందుకు పొయ్యేది గదే" అనేవారు.

వృక్షశాస్త్రం చెప్పే నాకూ పాఠం తప్పలేదు. ఓసారి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో, నిలబడే చాయ్ తాగుతూ, ఉస్మానియా బిస్కెట్ విరిచారు. చిన్న ముక్క నా సాసర్లో పెట్టి, మిగతాదంతా తానే తినేశారు.

"ఇదేం న్యాయం సార్?" అన్నాను.

"నేను మిడతను మేడం. తిన్న పది పాళ్లల్ల తొమ్మిది నా ఎగురుడుకే, ఒంటి వేడికే పాయె. మీరు తొండ, మీకు గా ఒక్క పాలే. ఇగ డేగకేం మిగులుతదో జర సోచాయించుండ్రి. గందుకే గింత గడ్డి కావాలె."

నిన్న కళాశాలలో సంతాప సభకు వెళ్తే భవనం వెనుక నుంచి గడ్డి కోసే మిషను మోత వినిపించింది. పరుగెత్తాను. అప్పటికే సగం గడ్డి కోసేశారు.

"ఏంటిది మల్లేశ్?" అని మా అటెండరు మీద అరిచాను.

"సారు సభకే గద మేడం. షామియానా ఎయ్యాలె, కుర్చీలెయ్యాలె. ప్రిన్సిపాల్ సారే చెప్పిన్రు."

ఒళ్లు మండిపోయింది. వెళ్లి మిషనుకు అడ్డంగా నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు వచ్చి, "మరి వచ్చినోళ్లు యాడ కూసుంటరు మేడం?" అన్నారు.

"కూర్చోవద్దు. ఆయన ఎప్పుడు కూర్చున్నారు గనుక?"

సభ వరండాలో, అందరం నిలబడే జరిగింది. వక్తలు ఆయన విద్వత్తును కొనియాడుతుంటే నా చూపు గోడ మీదికే పోయింది. డేగ రాలేదు. సగం గడ్డికి అది వస్తుందో రాదో సారునే అడగాలి. మిషను ఇంకా వరండా మూలనే ఉంది, అందుకే రేపటి నుంచి పొద్దున్నే ఆ గడ్డి దగ్గరికి నేను వెళ్తాను.

సార్, మీకు నా నమస్సులు. మీరిచ్చిన ఆ ఒక్క పాలు నా దగ్గర భద్రంగా ఉంది. ఆ తొమ్మిది పాళ్ల మనిషినే ఎక్కడ వెతకాలో తెలియడం లేదు.