రాజుగారి ఇంజను, మా కిటికీ

నిన్న పొయ్యి మీద వెచ్చబెట్టిన ఆముదం మాడింది. ఆ వాసనకు, వినిపించనిదాన్ని వినిపిస్తోందని నేను చెప్పిన రోజు గుర్తొచ్చింది. అలా ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

తొంభైల చివర భీమవరంలో మా పక్కింటి రాజుగారు పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పేవారు. సెలవుల్లో చిన్న ఇంజనుతో ఎగిరే బొమ్మ విమానాలు చేసి చేపల చెరువు గట్టున ఎగరేసేవారు. ఇంజను సరిచూడటం మాత్రం పెరట్లోనే. ఆముదం కలిపిన ఇంధనంతో అది చెవులు చిల్లులు పడేలా మోగేది. నేనప్పుడు రెండుసార్లు బ్యాంకు పరీక్ష తప్పి మళ్లీ చదువుతున్నాను. ఆ మోత వల్లే చదువు సాగడం లేదని, నా పేరు చెప్పొద్దంటూ వీధిపెద్దకు ఫిర్యాదు చేశాను. మోత తగ్గకపోతే ఇంజను తిప్పొద్దని ఆయన రాజుగారికి చెప్పారు.

రాజుగారు నేరుగా నా దగ్గరికే వచ్చారు. “ఎవరికో పాపం ఇబ్బందిగా ఉందంటోయ్. సైలెన్సర్ చేస్తాను. నువ్వు మీ కిటికీ దగ్గర నిలబడి వినిపిస్తోందో లేదో చెప్పాలి.”

పాత పౌడరు డబ్బా కోసి బిగించారు. “వినిపిస్తోందండీ” అన్నాను. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కారు. ఇంకా వినిపించింది, అదే చెప్పాను. పొగ పోయే రంధ్రం చిన్నది చేశారు. ఈసారి వాళ్ల పెరట్లో బట్టలుతికే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అయినా నా నోట అదే మాట వచ్చింది. మోత పోతే, పరీక్ష తప్పినందుకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదన్న భయం కావచ్చు. రాజుగారు ఆ రంధ్రాన్ని ఇంకా సగం పూడ్చేశారు.

సాయంత్రం చెరువు గట్టున ఎగరేస్తే, పొగ బయటికి పోలేక వేడెక్కిన ఇంజను గాల్లోనే ఆగిపోయింది. నెలల తరబడి చేసిన విమానం ఎదురుగట్టుకు కొట్టుకుని విరిగింది. “నా లెక్కే తప్పిందోయ్” అంటూ ఆయన ముక్కలు ఏరుతుంటే ఉండలేకపోయాను. ఫిర్యాదు, అబద్ధం రెండూ నావేనని చెప్పేశాను.

ఆయన చేతిలోని ముక్కలు కింద పెట్టారు.

“అయితే ముందు పెట్టిన రంధ్రంతో నిజంగా వినపడలేదా?”

“లేదండీ.”

“అసలేమీనా?”

“బట్టలుతికే చప్పుడు మాత్రం వినపడిందండీ.”

ఆయన మొహం వెలిగిపోయింది. “మరైతే అది సరిపోయిందన్నమాట.”

నేనేమో తిడతారని కాచుకుని ఉన్నాను. క్షమించారో, నా తప్పు ఆయన చెవికే ఎక్కలేదో ఈనాటికీ తెలియదు. పని మీద అంత ధ్యాస ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు వీధిపెద్ద దగ్గర నా పేరుతోనే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఆ వానాకాలమంతా రోజూ చదువయ్యాక రాజుగారి కొత్త విమానం రెక్కలకు నునుపు వచ్చేలా ఉప్పుకాగితం పట్టాను. కిటికీ దగ్గర నిలబడి విన్నది విన్నట్టు చెప్పాను.

పరీక్ష మూడోసారీ తప్పాను. వీధిపెద్ద ఎదురై, “ఏంటి, మళ్లీ మోతేనా?” అని నవ్వారు.

“కాదండీ. నేనే సరిగ్గా చదవలేదు” అన్నాను.