నీళ్ళ సూది, పులి సంగతి

“వాడు నాకు నీళ్ళు పొడిచిండే,” అన్నాడు మా ఆయన.

“మంచిగనే అయింది, దూప తీరుతది,” అన్నాను నేను.

ఆయన నవ్వాడు. నవ్వితే నొప్పి లేచింది, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. తెల్లవారేసరికి పోయాడు. కడుపులో పుండు ముదిరింది, ఇక నయం కాదని డాక్టర్లు ముందే చెప్పారు. నొప్పి తెలియకుండా సూది వేయడం ఒక్కటే మిగిలిందన్నారు. ఆ సూది కోసమే ఖమ్మంలో ఆ ప్రైవేటు దవాఖానాలో ఉన్నాం.

ఇది రాస్తున్నది మా ఆడబిడ్డ. అంగన్‌వాడీ టీచరుగా చేసింది. నాకు సంతకం వరకే వచ్చు. నేను ‘వచ్చిండు’ అంటే ఆమె ‘వచ్చాడు’ అని దిద్దుతుంది. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం చెయ్యి పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను.

మా ఆయన మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. దానికి కారణం పులి. టేకులపల్లి అవతల అడవిలోకి తునికాకు తెంపడానికి పోయినప్పుడు వాగు ఒడ్డున పులి ఎదురైందట. ఈయన మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాడట. అది తల ఊపి పోయిందట. చెప్పిన ప్రతిసారీ ఆ పులి కాస్త పెరిగేది. ఆ తర్వాత ఆయన వాన వస్తుందని చెప్పినా, “గిది గూడ పులి వాననేనా?” అనేవాళ్ళు. ఆయనకూ అది ఇష్టమే.

కానీ నొప్పి పులి కాదు. సూది పని చేయడం లేదని ఆయన దవాఖానాలో అరిస్తే మేనేజరు వచ్చి వార్డులో అందరి ముందు, “ఈ ముసలాయన అబద్ధాలాడుతుండు, అన్ని నాటకాలే,” అన్నాడు. మా ఊరివాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఆ మాట శవం కంటే ముందు ఊరు చేరింది. పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చుని కూడా, “సచ్చేదాక ఆడిండు నాటకం, మొండోడు,” అని మెచ్చుకున్నారు. వాళ్ళకు వడ్డిస్తున్న నా చేతిలో గరిట ఆగిపోయింది. ఆ మేనేజరు తన మాట వెనక్కి తీసుకునేదాకా ఊరుకోవద్దని అప్పుడే అనుకున్నాను.

కొన్నాళ్ళకు టీవీలో వచ్చింది. ఆ దవాఖానాలో సూదులు వేసే కాంపౌండరు నొప్పి మందు బయట అమ్ముకుని, సీసాల్లో నీళ్ళు నింపి రోగులకు పొడిచాడట. పోలీసులు పట్టుకుపోయారు.

అప్పుడైనా మా ఆయన అన్న మాట ఎవరికైనా గుర్తొస్తుందని చూశాను. లేదు. ఎవరి సూది వాళ్ళకు గుర్తొచ్చింది. ఆ కాంపౌండరు చేతి సూదితో ఎప్పుడో పోయిన మోకాలి నొప్పి, వార్త చూడగానే మా ఎదురింటి అక్కకు తిరిగొచ్చింది. కిరాణా కొట్టు తమ్ముడు, “మరి నాకు తగ్గిన జరం తగ్గినట్టా, తగ్గనట్టా?” అని కనపడినవాళ్ళనల్లా అడిగాడు. మా దగ్గర సూది పొడిస్తేనే వైద్యం. గోళీలు ఇచ్చి పంపితే ఆ డాక్టరుకు చదువు రాదంటారు. అందుకని అందరూ కూర్చుని ఒకటి తేల్చారు. నీళ్ళు పొడిపించుకున్నవాళ్ళకు దవాఖానా అసలు సూదులు మళ్ళీ పొడవాలి.

పోవడానికి ఒక ట్రాలీ ఆటో దొరికింది. అప్పుడే మిర్చి బస్తాలు దింపి వచ్చింది. ఊడ్వాలని ఎవరికీ తోచలేదు. ఖమ్మం చేరేసరికి అందరికీ కళ్ళు ఎర్రబడి, ముక్కులు కారి, వెక్కిళ్ళు. దవాఖానా గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూసి టోపీ తీశాడు.

“శవం ఏ వార్డుల ఉందమ్మా?”

“శవం లేదు బిడ్డా, మిర్చి,” అన్నాను.

ఆయనకేం అర్థమైందో, గేటు బార్లా తెరిచాడు.

లోపల అదే మేనేజరు. ఇంతమంది ఏడుస్తూ వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది. అడగకముందే చేతులు జోడించాడు. “వాడు మా మనిషి కాదమ్మా, ఏజెన్సీ పంపిన మనిషి. మేనేజ్‌మెంట్‌కు ఏం సంబంధం లేదు.”

ఎదురింటి అక్క ముందుకు తోసుకొచ్చింది. “గదంతా నాకెందుకు సారూ? నా సూది నాకెయ్యి, పోత.”

“ఏం సూదమ్మా?”

“నాకేం ఎర్క? మోకాలు సూది!”

నేను అక్కను పక్కకు జరిపాను. “ఏజెన్సోళ్ళు నా పెనిమిటిని అబద్ధాలోడు అన్నరా సారూ? నువ్వన్నవు. వాడు నీ కోటు తొడుక్కొని, నీ మంచం కాడ నిలబడి నీళ్ళు పొడిచిండు. మా ఆయన నిజం చెప్పిండని ఒక్క మాట అను. నాకు సూది గీది ఏం ఒద్దు.”

“అట్లంటే తప్పు ఒప్పుకున్నట్టయితదమ్మా. పైన అడగాలె.”

“అడుగు, కూసుంటం.”

పైకి పోయి దిగొచ్చి, మా ఊళ్ళో ఫ్రీ క్యాంపు పెడతామన్నాడు. సూదులు కూడా ఉంటాయన్నాడు. మావాళ్ళు తుమ్ముకుంటూనే చప్పట్లు కొట్టారు. నేనొక్కదాన్నే ఖాళీ చేతులతో ట్రాలీ ఎక్కాను.

క్యాంపు నాడు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. రోగం లేదని డాక్టరమ్మ ఎంత చెప్పినా సూది పడనిదే ఎవరూ లేవలేదు. ఇక లాభం లేదని బలం సూదులు తీసింది. ఎదురింటి అక్క ముందు అరచెయ్యి చాపి ఒక చుక్క పోయించుకుని నాకింది. “చేదుంది. ఇగ ఎయ్యి,” అంది.

మేనేజరు మైకు పట్టుకుని, మా ఊరు తమ కుటుంబం లాంటిదని మొదలుపెట్టాడు. నేను పోయి పక్కన నిలబడి మైకు వైరు పట్టుకున్నాను.

“కుటుంబమైతే చెప్పు సారూ ఆ మాట.”

“అమ్మకు మా సానుభూతి...”

“సానుభూతి ఒద్దు. మాట.”

జబ్బల మీద దూది అదుముకుని ఊరంతా చూస్తోంది. ఆయన చొక్కా గుండీతో చెప్పినట్టు ఏదో గొణిగాడు.

“ఇనపడతలే!” అన్నారు వెనకనుంచి.

“ఆ పెద్దాయన నిజమే చెప్పిండు,” అన్నాడు ఈసారి గట్టిగా. “సూదిల నీళ్ళే ఉన్నయ్. ఎవ్వలు ఏం పొడుస్తున్నరో మేం చూసుకోవాలె, చూసుకోలే. తప్పు మాది.”

ఆ మాట మైకులో అడవి దాకా పోయి ఉంటుంది. అప్పుడు కిరాణా కొట్టు తమ్ముడు లేచాడు.

“మరి పులి సంగతేంది సారూ?”

మేనేజరుకు పులి సంగతి ఏం తెలుసు? ఆయన నుదురు తుడుచుకుని నా వైపు చూశాడు, వైరు వైపు చూశాడు.

“అది గూడ నిజమే. మేనేజ్‌మెంట్ తరఫున ఒప్పుకుంటున్నం.”

షామియానా ఊగేటట్టు నవ్వారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆయన పోయినప్పటి నుంచి అంత నవ్వింది లేదు.

ఇక్కడికొచ్చేసరికి మా ఆడబిడ్డ పెన్ను ఆపింది.

“వదినె, అది పులి కాదు, అడవిపిల్లి. అన్ననే నాకు చెప్పిండు. రాయాల్నా?”

“ఒద్దు. దవాఖానోళ్ళే ఒప్పుకున్నరు, ఇగ మనమెందుకు కాదనుడు? పిల్లా, ఏది, మొదటి నుంచి ఓసారి చదువు. ‘దూప తీరుతది’ అన్న కాడ ఆగు. ఆయన నవ్వినంత సేపు ఆగి, అప్పుడు ముందుకు పో.”