పిట్టగోడ మీద పాలకొలత

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పాలవాళ్ళ కోడలు. దీపావళి మర్నాటి పొద్దున, వీధంతా కాలిన టపాకాయల కాగితాలతో ఇంకా ఎర్రగా ఉండగానే, మా గేటు గొళ్ళెం చప్పుడైంది. రోజూ పాలు పోసేది ఆమె అత్తగారు. క్యాను కోడలి చేతిలో ఉండడం చూసి, "పెద్దమ్మ రాలేదేం?" అన్నాను. ఆ పిల్ల పాలు కొలవబోయి, కొలత డబ్బాను అరుగు మీద పెట్టేసి గొల్లుమంది.

"అక్కా, అత్తమ్మకు పక్షవాతం కొట్టింది. పొద్దుగాల దాణా పెట్టనీకి పోయి బర్రెల గాడి కాడనే పడ్డది. కుడిచెయ్యి లేస్తలేదు, నోట్లకెళ్ళి మాట వస్తలేదు. పంజగుట్ట దవాఖానకు తీస్కపోయిండ్రు."

ముందురోజు సాయంత్రం కూడా ఆవిడ మా అరుగు మీద కూర్చుని, లక్ష్మీపూజ ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నది. నోరు తెరిస్తే ఆగని మనిషికి మాట పోవడమేమిటి!

"మరి సదర్?"

"మామ ఆపనంటుండు. ఆపితే కొట్టం పోతది గద అక్కా."

ఆ మాట నాకు అర్థమైంది. చదివేవాళ్ళకు అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి.

అమీర్‌పేటలో మా గల్లీ చివర వాళ్ళ గేదెల కొట్టం ఉండేది. చుట్టూ నాలుగంతస్తుల మేడలు, వాటి నిండా కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు, గోడల మీద గోడ కనిపించనన్ని బ్యానర్లు. పొద్దున్నే బ్యాగులు తగిలించుకున్న పిల్లలు వందలుగా వస్తుంటే, వాళ్ళ మధ్యనుంచి గేదెలు తమ దారిన తాము నడిచేవి. పెళ్ళయి కోస్తా నుంచి వచ్చిన కొత్తలో నాకు ఆ వీధిలో తెలిసిన భాష ఆ గేదెల అరుపొక్కటే అనిపించేది. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే పీటమీద కూర్చోబెట్టి అక్షరాలు, భాగవతం చెప్పారు. అందరూ ఏదో ఒక కోర్సు చేస్తున్న ఆ వీధిలో ఏ సర్టిఫికెట్టూ లేని ఆడవాళ్ళం పెద్దమ్మా నేనే. అందుకే కాబోలు మాకు జత కుదిరింది. ఆ జత కుదిర్చిన దేవుడికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

దీపావళి మర్నాడు యాదవుల పండుగ సదర్. దున్నపోతులను కడిగి, నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులు, మెడకు గవ్వల పట్టీలు, నెమలీకలు కట్టి, డప్పులతో ఊరేగిస్తారు. గల్లీ నడుమ పోతు ముందుకాళ్ళు ఎత్తి మనిషిలా నిలబడుతుంది. జనం "సలాం కొట్టింది" అని కేకలేస్తారు. పట్టుకున్నవాడికి శాలువాలు కప్పుతారు.

దాని వెనకటి కథంతా నాకు పెద్దమ్మే చెప్పింది, పాలు కొలుస్తూ, రోజుకొక ముక్క.

"మా అత్త జమానల గీ పంజగుట్ట చౌరస్తా యాడుండె బిడ్డా? అంత గడ్డే. మా బర్రెలు బంజారాహిల్స్ గుట్టల దాకా మేసి వచ్చేవి. సదర్ అంటే గీ మైకులు, లారీలు లెవ్వు. ఏడాదంత పాలిచ్చిన బర్రెకు, దాని బిడ్డకు పండుగ. చుట్టాల ఇండ్ల ముంగట నిలవెట్టి, 'సూడుండ్రి, మా పోతెట్లున్నది' అనెటోళ్ళు. గంతే."

"ఆడవాళ్ళు?"

"ఆడోళ్ళు మిద్దెల మీదికెళ్ళే చూడాలె. తాడు పట్టెటోళ్ళు మొగోళ్ళే. పేడ ఎత్తెటోళ్ళం మేము." అని పకపకా నవ్వేది.

ఆ మిద్దె మాది. ప్రతి సదర్‌కూ ఆవిడ మా డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర ఒకే మూల నిలబడేది. చేతిలో పాలకొలత ఉండేది. పోతు గల్లీ మధ్యకు రాగానే సంబరం పట్టలేక ఆ డబ్బాతో పిట్టగోడ మీద టక్ టక్ అని కొట్టేది. సంబరమనే నేననుకున్నాను. "పెద్దమ్మా, డబ్బా సొట్టపోతుంది" అంటే, "పోనీ తియ్యి, సొట్టల సుత పాలే పడతయి" అనేది.

ఇక కొట్టం సంగతి. కొడుకులు దాన్ని తీసేసి హాస్టల్ కట్టాలని పట్టుబట్టారు. పెద్దమ్మ భర్త, వీధంతా తాత అని పిలిచే ఆయన, ఒకరోజు కులపెద్దల ముందే, "నా పోతు గల్లీల నిలవడ్డన్నాళ్ళు కొట్టం ముట్టొద్దు. నిలవడని ఏడు మీ ఇష్టం" అన్నాడు. కొడుకులు ఆ మాట గట్టిగా పట్టుకున్నారు. మాట మీద నిలబడే మనిషి కాబట్టి పెద్దలూ ఒప్పుకున్నారు. అంటే పెద్దమ్మ బతుకంతా గడిపిన ఆ చోటు ఉండడమో పోవడమో, ఏడాదికోసారి ఒక జంతువు కాళ్ళెత్తడం మీద ఆధారపడింది.

కోడలు ఆ పొద్దున పాలు పోయకుండానే దవాఖానకు పరిగెత్తింది. కొలత డబ్బా అరుగు మీదే మరిచిపోయింది. నేను దాన్ని కడిగి వంటింటి కిటికీలో బోర్లించాను.

సాయంత్రం దీపాలు పెట్టి డాబా ఎక్కాను. వెళ్ళాలని లేదు. ఆ మూల ఖాళీగా చూడలేనేమో అనిపించింది. కానీ డప్పులు వినిపిస్తుంటే కాళ్ళు ఆగలేదు. ఇన్‌స్టిట్యూట్ల కిటికీల నిండా పిల్లల తలకాయలు. గల్లీ మధ్యలో పోతు, నల్లటి కొండలా. తాళ్ళు రెండువైపులా పట్టుకున్న కొడుకులు, ముందు తాత. ముఖం కడుక్కున్నట్టు లేదు, తలపాగా మాత్రం శుభ్రంగా చుట్టుకున్నాడు.

"లే రా రాజా, లే!" అన్నాడు తాత.

అది లేవలేదు. తాడు లాగారు. తల విదిల్చింది. డప్పులవాళ్ళు దరువు పెంచారు. కదల్లేదు.

పక్క బస్తీనుంచి వచ్చిన కుర్రాళ్ళు మొదలుపెట్టారు. "ఏం తాతా, ఏ ఇన్‌స్టిట్యూట్ల నేర్పించినవ్?"

"ఇంకా కోర్సు కంప్లీట్ కాలే భాయ్!"

"జర డెమో క్లాస్ అన్న ఇప్పియ్యుండ్రి!"

కిటికీల్లో పిల్లలు కూడా పగలబడి నవ్వారు. తాత నవ్వలేదు. పెద్దకొడుకు తమ్ముడి వైపు చూసిన చూపు నేను పైనుంచి స్పష్టంగా చూశాను. అయిపోయిందిలే అన్న చూపు.

అప్పుడు గమనించాను. పోతు తాతను చూడడం లేదు, తాడును చూడడం లేదు. మెడ పైకెత్తి మా డాబానే చూస్తోంది. ఆ మూలనే.

మెట్ల మీద పరుగు వినిపించింది. కోడలు. జుట్టు ఊడిపోయి, పంజగుట్టనుంచి ఆ జనంలో పడి పరిగెత్తుకొచ్చిన రొప్పుతో.

"అక్కా, డబ్బా! నా డబ్బా ఏది?"

"ఏ డబ్బా?"

"పాల కొలత! జల్దీ!"

ఈ వేళ పాలకొలత ఎందుకో నాకు తోచలేదు. మతి చలించిందేమో అనుకుంటూనే కిందికి పరిగెత్తి తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల ఆ మూల నిలబడి, పిట్టగోడ మీద కొట్టింది. టక్. టక్. టక్‌టక్.

పోతు చెవులు నిక్కబొడుచుకున్నాయి. మళ్ళీ కొట్టింది. టక్. టక్. టక్‌టక్. ఎవరూ తాడు లాగలేదు. అంత జంతువూ ముందుకాళ్ళు ఎత్తి, మెడ చాచి, నిటారుగా లేచింది. గల్లీ దద్దరిల్లిపోయింది.

"నీకు తెలుసా ఇది?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"మా ఇంట్ల ఆడోళ్ళందరికీ తెలుసక్కా. తల్లి సచ్చిన దూడ గిది. అత్తమ్మ దాణా పెట్టేముందు గీ డబ్బాతోటి తొట్టి మీద గిట్ల కొట్టేది. ఆ చప్పుడుకు గీ దూడ అడ్డగోడ మీద కాళ్ళేసి, లేచి చూసేది, అత్తమ్మ వస్తుందా అని. గదే గిది. దవాఖానల అత్తమ్మ ఎడమచెయ్యితోటి మంచం ఇనుప కడ్డీ మీద గిట్లనే కొడ్తుంది, ఆపుతలేదు. ఫిట్సొచ్చినయని నర్సును పిలిచిండ్రు. నాకప్పుడు మతికొచ్చింది, డబ్బా నీ అరుగు మీద మరిచిన్నని."

కింద అందరూ "సలాం! సలాం!" అంటున్నారు. నేను ఆ పోతు కళ్ళను చూస్తున్నాను. అది సలాం కాదు. ఎన్నడూ కాదు. అది వెతుకుతోంది. కోడలి ముఖం చూసింది, నా ముఖం చూసింది, మా వెనక్కి చూసింది. ఎప్పుడూ లేనంతసేపు అలాగే నిలబడి, కావలసిన మనిషి కనబడక ఒక్క అరుపు అరిచి కాళ్ళు దించింది. ఇన్నేళ్ళు పక్కన నిలబడి నేను చూసింది ఏమిటి?

కాసేపటికి తాత భుజాన శాలువాతో మా గేటు దగ్గరికి వచ్చి, "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం" అని కోడలిని పిలిచాడు. నేను ఉండబట్టలేక అడిగాను. "తాతా, మీకు తెలుసా?"

"తాడు పట్టెటోనికి తెల్వదా బిడ్డా, పోతు ఎటు చూస్తుందో?"

"మరి ఒక్కరికీ చెప్పలేదే!"

"చెప్తనన్న. ఆమెనే వద్దన్నది. 'పేరు నీదే ఉండనియ్యి. నా పోతు నన్ను చూస్తది, నాకు గది చాలు' అన్నది." అని భుజం మీది శాలువా తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు. ఆ శాలువా ఆవిడ మీద కప్పాడని కోడలు మర్నాడు చెప్పింది.

కార్తీక పౌర్ణమికి ముందే పెద్దమ్మ వెళ్ళిపోయింది. నేను ప్రసాదం పట్టుకుని చూడబోయిన రోజున ఎడమచేత్తో నా మణికట్టు మీద అదే దరువు మెల్లగా వేసింది. మాటలున్న రోజుల్లో కూడా ఆవిడ నాతో అంత చెప్పలేదు.

మరుసటి సదర్‌కు కోడలు అదే మూలనుంచి, అదే డబ్బాతో కొట్టింది. పోతు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. దానికి తెలిసిపోయింది. తాత ఎవరితోనూ వాదించలేదు, తాడు తానే విప్పాడు. పోతును ఊరి శివార్లలోని చుట్టాలకిచ్చారు. కొట్టం హాస్టలైంది. సదర్ మాత్రం ఆగలేదు. ఏడాదికేడాది పెద్దదవుతూ, లారీలు, మైకులు, ఇంతెత్తు బ్యానర్లతో నడుస్తూనే ఉంది. పోతుల పేర్లు, వాటిని పట్టుకున్నవాళ్ళ ఫొటోలు కూడలి కూడలికీ కడుతున్నారు.

ఆవిడ ఫొటో ఎక్కడా లేదు. ఆవిడ పోసిన పాలతో ఇన్నేళ్ళు మా దేవుడికి నైవేద్యం జరిగింది. ఆ రుణం తీర్చుకునే దారి నాకు ఇదొక్కటే కనబడింది. దీపావళి మర్నాడు మీరు ఏ గల్లీలోనైనా సదర్ చూడబోతే, పోతు లేచినప్పుడు అందరితోపాటు మీరూ కేకవేయండి. వేసి, ఒక్కసారి తలెత్తి మిద్దెల వైపు చూడండి. పాలకొలత చేతపట్టుకుని ఒక మూల నిలబడిన ఆ పెద్దమ్మను గుర్తుచేసుకోండి.