పట్నం పోని చిన్న పేపర్

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో నాయనమ్మ దగ్గర పెరిగాను. అమ్మా బాపూ హైదరాబాద్‌లో ఇళ్లు కట్టే పనికి పోయారు. పండుగకో, పొలం పనులకో వచ్చేవారు. మా వాడకట్టులో అప్పటికింకా ఎవరి చేతికీ సెల్‌ఫోన్ రాలేదు. నాయనమ్మకు చెవులు సరిగా వినపడేవి కావు, కాబట్టి నాతో నేనే ఎక్కువగా మాట్లాడుకునేదాన్ని. సాయంత్రమైతే ఇల్లు బోసిపోయేది.

ఆ ఏడు మండల ఆటల పోటీల్లో మా బడి ఖోఖో జట్టు గెలిచింది. పెద్ద పేపర్ లోపల మడిచిపెట్టి వచ్చే చిన్న పేపర్లో, ఒక మూలన మా ఫోటో పడింది. అందులో చివర్న నిలబడ్డది నేనే. అదే పేపర్ పట్నంలోనూ అమ్ముతారని నాకు తెలుసు. ఇంకేం, చూస్తారు, పరుగెత్తుకొస్తారు అని తీర్మానించేసుకున్నాను. వాళ్లకు చదువు రాకపోతేనేం, నా మొహం తెలియదా?

రోజూ బడి కాగానే బస్టాండుకు పోయి, పట్నం బస్సు దిగేవాళ్ల మొహాలు చూసేదాన్ని. దిగినవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయేవారు. ముందు కోపం వచ్చింది. రోజులు గడిచేకొద్దీ భయం వేసింది.

బస్టాండులో పేపర్లు అమ్మే చాచా ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒకనాడు దగ్గరికి పిలిచి, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు.

"పేపర్ల నా ఫోటో సూసి గూడ అమ్మోళ్లు రాలే చాచా. ఇగ నేను ఆళ్లకు వద్దు."

చాచా ఊరడించలేదు. అప్పుడే వచ్చి ఆగిన పట్నం బస్సెక్కి, సీట్లో ఎవరో వదిలేసిన పేపర్ తెచ్చాడు. అదే పేరు, అదే తారీఖు ఉన్న మా పేపర్‌ను దాని పక్కన పరిచాడు. రెండింట్లోంచీ చిన్న పేపర్లు తీసి, "గీ రెంటిల ఖేడ్ ముచ్చట యాడుందో ఎతుకు" అన్నాడు. మా దాంట్లో కంగ్టి కందిచేలు, కల్హేర్ సంత, ఖేడ్ బడి ఉన్నాయి. పట్నం దాంట్లో పొంగే మురుగు మోరీలు, ట్రాఫిక్, ఫంక్షన్ హాళ్లు. ఎంత వెతికినా మా ఊరి పేరే లేదు.

"మన చిన్న పేపర్ మన జిల్లాలనే తిరుగుతది బేటీ, పట్నం పోదు. మీ అమ్మోళ్లు నిన్ను సూడనే లేదు. ఉత్తగ పరేషాన్ అయితున్నవ్."

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. అంటే ఇక్కడ మేం గెలిచినా ఏడ్చినా అక్కడ ఎవరికీ తెలియదన్నమాట.

చాచా పాత పేపర్ల కట్ట విప్పి, నా ఫోటో ఉన్న కాగితం వెతికి తీశాడు. అమ్మావాళ్లతోనే పనిచేసే మా వాడకట్టు మేస్త్రీ పట్నం బస్సెక్కుతుంటే అతని చేతిలో పెట్టాడు. మేస్త్రీ మళ్లీ ఊరికొచ్చినప్పుడు చెప్పాడు, అమ్మ దాన్ని పని దగ్గర అందరికీ చూపించి, రేకుల గదిలో అతికించుకుందట. స్లాబు పడేదాకా కాంట్రాక్టర్ కదలనివ్వడట. వాళ్లు రాలేదు. నా సాయంత్రాలు మునుపటిలాగే బోసిగా గడిచాయి. కానీ నేను వాళ్లకు అక్కర్లేదన్న మాట మళ్లీ నా నోట రాలేదు.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. ఎవరి దగ్గర్నుంచైనా జవాబు రాకపోతే, ముందు నా మాట అక్కడిదాకా పోయిందో లేదో కనుక్కుంటాను. చాలాసార్లు పోయి ఉండదు. పోయినా పలకకపోతే అప్పుడు ఏడుస్తాను, అంతకుముందు కాదు.